దుబాయ్‌లో మనిషిని పెట్టుకుంటే జీతభత్యాల లెక్క ఏ దేశానిది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పులివెందుల, తాడిపత్రి పక్క రైతుల దగ్గర జీ-నైన్ రకం అరటి కొని గల్ఫ్‌కు కంటైనర్లు పంపుతున్నారు. దుబాయ్ అల్ అవీర్ మార్కెట్‌లో సరుకు దించుకోవడానికి, కొనేవాళ్లతో మాట్లాడడానికి మీ మనిషి ఒకరు అక్కడ ఉండాలి. మీ పిన్నమ్మ కొడుకు విజిట్ వీసా మీద ఇప్పుడు అక్కడే ఉన్నాడు. నెలకు 5,000 దిర్హమ్‌లు ఇచ్చి అతన్నే పెట్టుకోవాలనుకుంటున్నారు. జీతం తాడిపత్రి బ్యాంకు ఖాతాలో వేస్తే చాలదా, పీఎఫ్ కట్టాలా, కాగితం మీద ‘కన్సల్టెంట్’ అని రాసుకుంటే ఈ తలనొప్పులన్నీ పోతాయా అన్నది ప్రశ్న. లోడింగ్‌కు ఊరి నుంచి ఇద్దరిని పంపవచ్చా అని చివర్లో ఇంకొకటి.

నేను దుబాయ్‌లో జీతాల విభాగంలో పనిచేసి వచ్చాను. ఇప్పుడు అనంతపురంలో ఉండి ఎగుమతిదారులకు ఈ కాగితాల పని చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చే చాలామంది మీలాగే జీతం ఎక్కడి నుంచి పంపుతామన్న దగ్గర మొదలుపెడతారు. అక్కడి చట్టానికి దాంతో పని లేదు. మనిషి ఏ నేల మీద నిలబడి పనిచేస్తున్నాడో చూస్తుంది. మీ కంపెనీ తాడిపత్రిలో ఉన్నా, డబ్బు తాడిపత్రి నుంచి పోయినా, మీ తమ్ముడు అల్ అవీర్‌లో పని చేస్తున్నంత కాలం అతని పని గంటలు, సెలవులు, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) అన్నీ యూఏఈ కార్మిక చట్టం కిందికి వస్తాయి. అది 2021 నాటి 33వ నంబర్ ఫెడరల్ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది.

అన్నిటికంటే ముందు విజిట్ వీసా సంగతి. దాని మీద అతను ఒక్క పెట్టె దించినా తప్పే. పని చేయడానికి అక్కడి ప్రభుత్వ పర్మిట్ లేని మనిషితో పని చేయించుకున్న యజమానికి జరిమానా లక్ష దిర్హమ్‌ల నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా పెంచుతూ 2024లో చట్టం మార్చారు. మన రూపాయల్లో లెక్కేసుకుంటే ఒక సీజన్ లాభం మొత్తం పోయేంత డబ్బు. పట్టుబడితే ఆ పిల్లవాణ్ని తిప్పి పంపేస్తారు, మళ్లీ రానివ్వకపోవచ్చు కూడా. ‘ఆజాద్ వీసా కొనిస్తాం, ఎక్కడైనా పనిచేసుకోవచ్చు’ అని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. ఆజాద్ వీసా అనేది చట్టంలో లేనేలేదు. ఒకరి పేరున వీసా తీసుకుని ఇంకొకరి దగ్గర పనిచేయడం పర్మిట్ లేకుండా పనిచేయడమే. దయచేసి ఆ దారి పట్టవద్దు.

‘కన్సల్టెంట్’ అని రాసుకోవడం కూడా మిమ్మల్ని కాపాడదు. మీరు చెప్పిన టైముకు రావాలి, మీరు చెప్పిన పని చేయాలి, నెలనెలా ఒకే మొత్తం తీసుకోవాలి, ఇంకెవరికీ పనిచేయకూడదు అన్నప్పుడు అది ఉద్యోగమే, కాగితం మీద ఏ పేరు పెట్టినా సరే. అతను నిజంగా స్వతంత్రంగా పనిచేయాలంటే అక్కడ ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకోవాలి, నాలుగు కంపెనీలకు బిల్లు వేసుకోవాలి. మీకు కావలసింది అలాంటి మనిషి కాదు కదా.

కాబట్టి మీకు రెండు దార్లున్నాయి. ఒకటి, అక్కడ మీ పేరున కంపెనీ పెట్టి దాని మీద వీసా తీయడం. 2021 నుంచి చాలా వ్యాపారాలకు 51 శాతం వాటాతో స్థానిక భాగస్వామి ఉండాలన్న నియమం పోయింది. మెయిన్‌ల్యాండ్ (ఊరంతా వ్యాపారం చేసుకునే మామూలు) లైసెన్సా, ఫ్రీజోన్ (ప్రత్యేక వాణిజ్య మండలం) లైసెన్సా అన్నది చూసుకోండి. ఫ్రీజోన్‌లో పెట్టడం తేలికే గానీ, ఆ లైసెన్సుతో మెయిన్‌ల్యాండ్‌లో వ్యాపారం చేయాలంటే వేరే అనుమతి కావాలి. అల్ అవీర్‌లో రోజూ నిలబడి అమ్మే పనికి నేనైతే మెయిన్‌ల్యాండ్ వైపే మొగ్గుతాను. రెండోది, అక్కడ లైసెన్సు ఉన్న మానవ వనరుల కంపెనీ ఒకటి అతన్ని తన పేరున ఉద్యోగిగా తీసుకుని మీ పనికి ఇవ్వడం. వీసా, జీతం, బీమా వాళ్లు చూస్తారు. మీరు జీతం మీద సర్వీసు ఫీజు కలిపి నెలనెలా బిల్లు కడతారు. ఒక్క మనిషి, మొదటి సీజన్, వ్యాపారం నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు అంటే రెండోదే మంచిది. ముగ్గురు నలుగురు అయ్యాక ఆ ఫీజులు బరువవుతాయి, అప్పుడు సొంత కంపెనీ పెట్టుకోండి. వాళ్ల చేత చేయించినా జీతం ఎలా విడగొట్టాలన్నది చివరికి మీరు చెప్పినట్టే రాస్తారు. కాబట్టి కింద చెప్పేది మీ బాధ్యతే.

ఇప్పుడు అసలు సంగతి, 5,000 దిర్హమ్‌లు. ఆఫర్ లెటర్‌లో జీతం ఒకే అంకెగా ఉండదు. బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం, ఒక గడిలో, ఇంటి అద్దె ఒక గడిలో, రవాణా, ఇతరాలు పక్కన గడుల్లో, కింద మొత్తం. చేరేవాడు కింద మొత్తం చూస్తాడు. యజమాని తరఫున లెక్కలు చూసేవాళ్లం మొదట చూసేది బేసిక్. ఎందుకంటే గ్రాట్యుటీ, ఓవర్‌టైమ్, వాడుకోని సెలవుకు ఇచ్చే డబ్బు ఈ మూడూ బేసిక్ మీదే లెక్కకడతారు. బేసిక్ ఎంత శాతం ఉండాలో అక్కడి చట్టం చెప్పదు. విదేశీ ఉద్యోగులకు కనీస వేతనం కూడా లేదు. మన దగ్గర 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల కింద అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినదాన్ని వేతనంలోనే కలిపి లెక్కపెడతారు. అక్కడ ఆ అడ్డు లేదు. అందువల్ల మీరు రాసిన అంకే అతని రాత.

నేను పనిచేసిన ఒక కంపెనీలో పులివెందుల పక్క ఊరి మనిషి ఒకాయన ఉండేవాడు, గోదాములో పని. మొత్తం జీతం 2,600 దిర్హమ్‌లు. అందులో బేసిక్ 900. ఆరేండ్లు చేసి, కూతురి పెండ్లికని ఇంటికి బయలుదేరాడు. లెక్క నేనే వేసిచ్చాను. మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 630 చొప్పున 3,150. ఆరో ఏటికి 30 రోజుల బేసిక్, 900. మొత్తం 4,050 దిర్హమ్‌లు. ఆయన మనసులో వేసుకున్న లెక్క 2,600 మీద, 11,700 దాకా. కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి ‘ఆరేండ్లకు ఇంతేనా సార్’ అని అడిగాడు. కంపెనీ ఒక్క నిబంధన కూడా మీరలేదు. సంతకం పెట్టిన రోజే ఆ డబ్బు పోయింది, ఆయనకు తెలిసింది మాత్రం ఆరేండ్ల తరవాత. మన జిల్లాల నుంచి ఇన్ని వేలమంది గల్ఫ్‌కు పోయారు, ఇలాంటి కథ లేని ఊరు లేదు. ఇప్పుడు మన ఊరివాడే యజమాని అయి ఆ గడి నింపబోతున్నాడు. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను: 5,000లో కనీసం 3,000 బేసిక్‌గా రాయండి.

దానివల్ల మీకు పడేది ఎంతో చూద్దాం. 3,000 బేసిక్ అంటే రోజుకు 100. ఏడాదికి 2,100 గ్రాట్యుటీ. ఐదేండ్లు దాటాక ఏడాదికి 3,000. బేసిక్‌ను 1,500కు దించితే ఇవి సగమవుతాయి, మీకు ఏడాదికి 1,050 దిర్హమ్‌లు మిగులుతాయి. ఒక కంటైనర్ రెండు రోజులు పోర్టులో ఆగితే పోయే డబ్బు పక్కన ఇదెంత? ఏడాది సర్వీసు పూర్తయితే గ్రాట్యుటీ హక్కు వస్తుంది, ఆ పైన పూర్తికాని ఏడాదికి కూడా దామాషాలో ఇవ్వాలి. మొత్తం రెండేళ్ల జీతం దాటకూడదన్న పరిమితి ఒకటుంది. పాత చట్టంలో రాజీనామా చేస్తే కోతలు ఉండేవి, ఇప్పుడు లేవు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ చేతికివ్వాలి.

ఆ డబ్బు ఒకేసారి తీయాల్సి వస్తుందన్న భయం ఉంటే నెలనెలా పక్కన పెట్టే పద్ధతి కూడా ఉంది. 2023లో తెచ్చిన పొదుపు పథకంలో చేరితే, ఐదేండ్ల లోపు సర్వీసు ఉన్న ఉద్యోగికి బేసిక్‌లో 5.83 శాతం, ఆ పైన 8.33 శాతం ప్రతినెలా అనుమతి ఉన్న ఫండ్‌లో యజమాని కడతాడు. మీ లెక్కలో నెలకు 175 దిర్హమ్‌లు. ఇది ఇష్టం మీద ఆధారపడిన పథకం, తప్పనిసరి కాదు. నాకు మాత్రం ఇది నచ్చుతుంది. ఎందుకంటే వ్యాపారం దెబ్బతిన్నా అతని డబ్బు మీ చేతుల్లో లేకుండా విడిగా భద్రంగా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌లో చేసి వచ్చినవాళ్లు మీకు సలహాలు చెబుతారు, మంచి మనసుతోనే చెబుతారు. కానీ కువైట్ లెక్క వేరు. అక్కడ ప్రైవేటు రంగంలో నెల జీతం వాళ్లకు మొదటి ఐదేండ్లు ఏడాదికి 15 రోజుల వేతనం, తరవాత ఏడాదికి ఒక నెల వేతనం. సౌదీలో మొదటి ఐదేండ్లు అర నెల, తరవాత నెల. కువైట్‌లో, సౌదీలో ముందుగా రాజీనామా చేస్తే కోత కూడా ఉంటుంది. ఒక దేశం లెక్క ఇంకో దేశానికి అతికించకండి.

పని గంటలు మీ వ్యాపారంలో జాగ్రత్తగా చూడాల్సిన విషయం, ఎందుకంటే పండ్ల మార్కెట్ పని రాత్రి పూట, తెల్లవారుజామున ఎక్కువ. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు గరిష్ఠం. వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో గంట విరామం ఇవ్వాలి. ఓవర్‌టైమ్ రోజుకు రెండు గంటలు మించకూడదు. ఆ అదనపు గంటకు బేసిక్ మీద 25 శాతం ఎక్కువ. అదే రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్యలో పడితే 50 శాతం ఎక్కువ. 3,000 బేసిక్ అంటే గంటకు 12.50 దిర్హమ్‌లు, రాత్రి ఓవర్‌టైమ్ గంటకు 18.75. షిఫ్టు పద్ధతిలో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి రేటు వర్తించదు, అందుకే అతని డ్యూటీ షిఫ్టా కాదా అన్నది ఒప్పందంలో తేల్చి రాయండి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. ఆ రోజు పిలిస్తే బదులు రోజు గానీ, రోజు జీతంతో పాటు 50 శాతం అదనం గానీ ఇవ్వాలి. కంటైనర్ పగలు వస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో ఆరుబయట పని నిషేధం. తాడిపత్రి ఎండ తిన్నవాడికి అదొక లెక్కా అనుకోకండి, అక్కడి ఉక్కపోత వేరు.

సెలవుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏడాది నిండాక 30 రోజుల జీతంతో సెలవు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు నెలకు రెండు రోజులు. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. అది దాటాక జబ్బు సెలవు ఏడాదికి 90 రోజులు: 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, మిగతా 45 జీతం లేకుండా. బిడ్డ పుడితే తండ్రికి కూడా ఐదు పనిదినాల సెలవు ఉంది. ఊరికి రానుపోను టికెట్ ఏడాదికోసారి ఇవ్వాలని చట్టంలో లేదు, అది ఆనవాయితీ. ఇస్తానని నోటిమాట చెబితే అది కూడా ఒప్పందంలో రాయండి. ఉద్యోగం ముగిశాక ఇంటికి చేర్చే ఖర్చు మాత్రం చట్టప్రకారం మీదే, అతను అక్కడే వేరే ఉద్యోగంలో చేరినా, అతని తప్పు వల్ల తీసేయాల్సి వచ్చినా తప్ప.

ఆరోగ్య బీమా దుబాయ్‌లో యజమాని కట్టి తీరాలి, అది జీతంలో కోయడానికి వీల్లేదు. వీసా ఖర్చు కూడా అంతే. ‘వీసాకు అయిన డబ్బు ఆరు నెలల్లో పట్టుకుంటాం’ అనడం మన పక్క మామూలు మాట, అక్కడ నిషేధం. నియామకానికి అయ్యే ఖర్చు నేరుగా గానీ చాటుగా గానీ ఉద్యోగి మీద వేయకూడదని చట్టంలో ఉంది. పాస్‌పోర్టు మీ దగ్గర పెట్టుకోవడం కూడా నిషేధమే, తమ్ముడి వరస అయినా సరే. ఉద్యోగి తన జేబులోంచి కట్టుకోవాల్సింది ఒకటే, 2023లో మొదలైన నిరుద్యోగ బీమా. బేసిక్ 16,000 లోపు ఉంటే నెలకు 5 దిర్హమ్‌లు, పైన వ్యాట్. ఏడాది కట్టినవాడికి, తన తప్పు లేకుండా ఉద్యోగం పోతే, బేసిక్‌లో 60 శాతం మూడు నెలల దాకా వస్తుంది. కట్టకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా అతనికే పడుతుంది. చేరిన వారంలోనే దగ్గరుండి కట్టించండి.

జీతం చెల్లించే పద్ధతి. మెయిన్‌ల్యాండ్ కంపెనీ అయితే డబ్ల్యూపీఎస్ అనే వేతన రక్షణ వ్యవస్థ ద్వారానే ఇవ్వాలి. 2009 నుంచి ఉంది. ఎవరికి ఎంత, ఏ తేదీన వేశారో కార్మిక శాఖకు నేరుగా కనిపిస్తుంది. ఆలస్యం చేస్తూ పోతే కొత్త పర్మిట్లు ఆపేస్తారు. తాడిపత్రి ఖాతాలో వేసిన జీతం ఇందులో కనిపించదు, అంటే అక్కడి లెక్కలో మీరు జీతం ఇవ్వనట్టే. దానికి తోడు మన ఆదాయపన్ను చట్టంలో ఎన్నారై అయినా ఇండియాలో అందుకున్న ఆదాయం మీద పన్ను ప్రశ్న లేస్తుంది. దుబాయ్‌లో చేసిన పనికి జీతం దుబాయ్ ఖాతాలో పడి, అక్కడి నుంచి అతను ఇంటికి పంపుకుంటే ఆ చిక్కు ఉండదు. అక్కడ వ్యక్తిగత ఆదాయపన్ను లేదు. కంపెనీ లాభం మీద మాత్రం 3,75,000 దిర్హమ్‌లు దాటిన భాగానికి 9 శాతం పన్ను 2023 జూన్ నుంచి ఉంది.

పీఎఫ్ అడిగారు. దుబాయ్‌లోనే నియమించి, అక్కడి కంపెనీ పేరున జీతం ఇచ్చే మనిషికి మన పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. అదే మీ తాడిపత్రి రోల్స్‌లో ఇప్పటికే ఉన్న ఉద్యోగిని కొంతకాలం అక్కడికి పంపి, జీతం ఇక్కడే కొనసాగిస్తే పీఎఫ్ ఆపకూడదు. యూఏఈతో మనకు సామాజిక భద్రత ఒప్పందం లేదు, కాబట్టి అలా పంపిన మనిషికి ఇక్కడ పీఎఫ్, అక్కడ గ్రాట్యుటీ రెండూ వస్తాయి. సొంత కంపెనీ పెడితే దానికి ఇక్కడి నుంచి పంపే పెట్టుబడి 2022 నాటి విదేశీ పెట్టుబడి నిబంధనల కింద మీ బ్యాంకు ద్వారా, ఫారం నింపి, నంబర్ తీసుకుని పోవాలి. తెలిసినవాళ్ల చేత హవాలాలో పంపిస్తే తరవాత ఆ కంపెనీ డబ్బు ఇంటికి తెచ్చుకోవడమే కష్టం.

తగాదా వస్తే ఎలా అని మీరు అడగలేదు, నేను చెబుతాను. 50,000 దిర్హమ్‌ల లోపు వివాదం మీద అక్కడి కార్మిక శాఖే తీర్పు ఇవ్వగలదు, 2024 జనవరి నుంచి ఆ అధికారం ఉంది. ఉద్యోగం మానిన తరవాత రెండేళ్ల దాకా అతను ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి ఓవర్‌టైమ్ గంటలు, తీసుకున్న సెలవులు నెలనెలా రాసి అతని సంతకం తీసుకోండి. చుట్టరికంలో కాగితాలెందుకు అనుకుంటాం గానీ, చుట్టరికం నిలవాలంటేనే ఈ కాగితాలు ఉండాలి.

లోడింగ్‌కు ఊరి నుంచి పంపే ఇద్దరి విషయం. వాళ్లు పదో తరగతి పాస్ కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావలసిన రకం) కింద ఉంటుంది. యూఏఈ ఆ జాబితాలోని దేశమే, కాబట్టి విమానం ఎక్కేముందు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. మీ దుబాయ్ కంపెనీ కూడా అందులో విదేశీ యజమానిగా నమోదు కావాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ దాంతోపాటు తీసుకోవాలి, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుద్దామనుకుంటే ఈ రక్షణలన్నీ వాళ్లకు పోతాయి. రెండు మూడు వారాలు ఆలస్యమైనా సరిగానే పంపండి.

మీ తమ్ముడికి వీసాలో మేనేజర్ లాంటి డిగ్రీ కావలసిన హోదా రాయిస్తారా, సేల్స్ సహాయకుడిగా రాయిస్తారా అన్నది ఈ వారమే తేల్చుకోండి. మొదటిదైతే డిగ్రీ సర్టిఫికెట్ మీద మన రాష్ట్రం, ఢిల్లీ విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్రలు వరసగా పడాలి. ఒరిజినల్ ఇంట్లో ఉంటే ఇప్పుడే కొరియర్‌కు ఇచ్చి ఆ పని మొదలుపెట్టించండి. అతని విజిట్ వీసా గడువు అయిపోయేలోపు పర్మిట్ రాకపోతే రోజువారీ జరిమానా మొదలవుతుంది, అది కూడా అతని జేబులోంచి కాదు, మీరే కట్టండి.